బరంపురం మీటర్ల షాపు: తప్పు సూదిదా, టైరుదా అని తేల్చి చెప్పే చోటు

బరంపురం పాత బస్టాండు వెనక సందులో ఒక మీటర్ల షాపు ఉంది. బోర్డు మీద ఒడియాలో మీటర్ రిపేరింగ్ అని మాత్రమే రాసి ఉంటుంది. కారు, జీపు, ఆటో, బైకు, దేని మీటరైనా చూస్తారు. నేను పర్లాకిమిడి నుంచి కిరాయికి డిజైర్ నడుపుతాను. నావి ఎక్కువగా ఆస్పత్రి కిరాయిలే. పేషెంట్లను బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో విశాఖపట్నానికో తీసుకెళ్తుంటాను. కిలోమీటరుకు ఇంత అని ముందే మాట్లాడుకుంటాం, దిగేటప్పుడు మీటరు చూసి డబ్బు తీసుకుంటాం. అంటే ఆ అంకెలే మా తక్కెడ. ఆ అంకెల మీద అనుమానం వచ్చినప్పుడు నేను వెళ్ళింది ఈ షాపుకే. అక్కడ చేసిన పని నాకు బాగా నచ్చింది. మన వైపు కార్లు నడిపేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అనుమానం ఎలా వచ్చిందంటే, మా ఊరి పెద్దాయన ఒకర్ని గుండె పరీక్షలకి విశాఖ తీసుకెళ్ళి తెచ్చాను. వెనక సీట్లో ఆయన కొడుకు దారంతా ఫోన్లో మ్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగాక, "అన్నా, మీ మీటరు మ్యాప్ కంటే పది కిలోమీటర్ల పైనే ఎక్కువ చూపిస్తోంది, ఒకసారి చూపించుకోండి" అన్నాడు. గొడవేమీ పెట్టుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆ పది కిలోమీటర్ల డబ్బు నేను తీసుకోలేదు. కానీ బండి కొన్నప్పటి నుంచి ఎంతమంది దగ్గర ఇలా ఎక్కువ తీసుకున్నానో అన్న ఆలోచన మాత్రం వదల్లేదు. ఆస్పత్రికి వెళ్ళే మనిషి ప్రతి రూపాయీ లెక్కపెట్టుకుంటాడు.

దానికి తోడు స్పీడు కూడా తేడాగానే ఉండేది. డయల్ మీద 80 ఉంటే ఫోన్లో జీపీఎస్ 74 చూపించేది. స్టాండులో అడిగితే తలో మాటా చెప్పారు. కంపెనీయే అలా పెడుతుంది, పట్టించుకోకు అని ఒకరు. సూది ఊడదీసి వెనక్కి పెట్టిస్తే సరిపోతుందని ఇంకొకరు. ల్యాప్‌టాప్ తగిలించి అరగంటలో సరిచేస్తానని ఒకతను 1,500 అడిగాడు. ఏం చూసి సరిచేస్తావంటే మాత్రం చెప్పలేకపోయాడు.

బరంపురం షాపులో మేస్త్రి అరవై దాటిన మనిషి. తెలుగు, ఒడియా రెండూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతారు, బరంపురం వాళ్ళందరిలాగే. నేను బండి ఆపి సంగతి చెబుతుంటే ఆయన డ్యాష్‌బోర్డు వైపు కూడా చూడలేదు. ముందు టైరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనున్న అంకెలు గుడ్డతో తుడిచి చదివారు. తర్వాత డ్రైవరు డోరు తెరిచి, పిల్లరు మీద కంపెనీ అంటించిన స్టిక్కరు చదివారు. స్టిక్కరు మీద 165/80 ఆర్ 14 అని ఉంది. బండికి ఉన్నవి 185/65 ఆర్ 14. ఈ కారు నేను సెకండ్ హ్యాండులో కొన్నాను, అప్పటికే ఆ వెడల్పు టైర్లు వేసి ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి, రోడ్డు పట్టు బాగుంటుందని చాలామంది వేయించుకుంటారు.

"ఏం బాబూ, ఇది పట్టుచీరల ఊరు కదా, గజం కర్ర కురచైతే ఏమవుతుంది? అదే గుడ్డ ఎక్కువ గజాలు వస్తుంది. నీ టైరు కురచైంది" అన్నారు.

కాగితం మీద లెక్క కూడా వేసి చూపించారు. టైరు మీద మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. గీత తర్వాత అంకె, ఆ వెడల్పులో ఎన్నో వంతు టైరు గోడ ఎత్తు ఉందో చెబుతుంది, నూటికి లెక్క. చివరిది అంగుళాల్లో రిమ్ము. కంపెనీ టైరు గోడ 165లో నూటికి 80, అంటే 132 మిల్లీమీటర్లు. పైన ఒకటి, కింద ఒకటి కలిపి 264. 14 అంగుళాల రిమ్ము 355.6. మొత్తం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. నా బండికి ఉన్న టైరు గోడ 185లో 65 వంతులు, అంటే 120 పైచిలుకు, రెండు వైపులా 240.5. రిమ్ముతో కలిపితే 596.1. వెడల్పు పెరిగింది కానీ ఎత్తు రెండున్నర సెంటీమీటర్ల దాకా తగ్గిపోయింది. ఎత్తు తగ్గితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. బండికి దూరం తెలిసేది చుట్ల లెక్కతోనే. కంపెనీ టైరు అనుకునే లెక్కపెడుతుంది కాబట్టి 100 కిలోమీటర్లు నడిస్తే 104కి కాస్త తక్కువ చూపిస్తుంది. 250 కిలోమీటర్ల కిరాయికి దాదాపు 10 ఎక్కువ.

అయితే మేస్త్రి లెక్క చెప్పి ఊరుకోలేదు, రోడ్డు మీద చూద్దాం అన్నారు. ఈ షాపులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడిని నాతో పంపారు. గోలంత్రా దాటాక గిరిసోల వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద తిన్నగా, ఎత్తుపల్లాలు లేని చోటు చూసుకున్నాం. ఆ కుర్రాడు ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టుకున్నాడు. పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి పక్కకి రాగానే నొక్కడం, తర్వాతి రాయి దగ్గర మళ్ళీ నొక్కడం. 3,600ని వచ్చిన సెకన్లతో భాగిస్తే గంటకి అసలు వేగం వస్తుంది. 60లో వెళ్తే రాయికీ రాయికీ మధ్య సరిగ్గా 60 సెకన్లు, 72లో 50, 80లో 45, 90లో 40. నేను డయల్ మీద 80 కదలకుండా పట్టుకుంటే 48 దాటి 49 లోపు వచ్చింది. అంటే 74. ఫోన్ కూడా అదే అంటోంది. తర్వాత ట్రిప్ మీటరు, అంటే ఒక ప్రయాణం కిలోమీటర్లని విడిగా చూపించేది, సున్నా చేసి పది రాళ్ళు లెక్కపెట్టాం. 10.4 చూపించింది. కాగితం మీద వేసిన లెక్క రోడ్డు మీద అలాగే దొరికింది.

ఇలా ఎవరైనా చూసుకోవచ్చు. ఒకే రాయి లెక్కతో ఆగకండి, రాళ్ళు కాస్త ముందూ వెనకా ఉంటాయి. పది రాళ్ళ లెక్కలో ఆ తేడా పెద్దగా కనిపించదు. స్టాప్‌వాచీ పని పక్క సీట్లో వాళ్ళకి ఇవ్వండి, నడిపేవాళ్ళు చేయకూడదు. జీపీఎస్‌తో చూసినా తిన్నని రోడ్డు మీద ఒకే స్పీడులో కాసేపు వెళ్ళాకే అంకె నమ్మాలి. స్పీడు పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు ఫోన్ వెనకబడుతుంది. తప్తపాణి ఘాట్‌లో మలుపుల మధ్య, చెట్ల కింద చూసి మీటరు తప్పనుకుంటే లాభం లేదు.

తిరిగొచ్చాక మేస్త్రి చెప్పిన మాట మీదే నేను ఈ షాపుని నమ్మాను. "స్పీడు సూది తప్పు వేరు, కిలోమీటర్ల తప్పు వేరు. రెండూ కలిపి చూడకు. సూదిని నేను ముట్టుకోను" అన్నారు. ఇంటికొచ్చాక ఈ సంగతి చదువుకుంటే ఆయన అన్నదే నిజం. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ రెగ్యులేషన్ ప్రకారం స్పీడోమీటరు ఎప్పుడూ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువైతే చూపించవచ్చు, అసలు వేగంలో పదో వంతు, దానిపైన ఇంకో 4 కిలోమీటర్ల దాకా. అంటే అసలు వేగం 80 అయితే డయల్ మీద 92 వరకు ఉన్నా ఆ రూలు దాటినట్టు కాదు. టైరు కొత్తదైనా అరిగినా, గాలి తక్కువైనా ఎక్కువైనా, ఏ పరిస్థితిలోనూ తక్కువ చూపించకూడదు కాబట్టి కంపెనీలు ముందే సూదిని కాస్త పైకి పెట్టి పంపుతాయి. డ్రైవరు తనకి తెలియకుండా లిమిట్ దాటకూడదన్నదే దాని ఉద్దేశం. పోలీసుల స్పీడ్ గన్ మన డయల్‌ని చూడదు, బండి అసలు వేగాన్నే చూస్తుంది.

కిలోమీటర్ల మీటరుకి మాత్రం ఇలా పైకి పెట్టడం మామూలుగా ఉండదు. అది చుట్లు లెక్కపెట్టి చూపిస్తుందంతే. కాబట్టి పది రాళ్ళకి ట్రిప్ మీటరు పదే చూపిస్తూ స్పీడు మాత్రం ఎక్కువగా ఉంటే అది కంపెనీ ఉంచిన తేడా, దాన్ని కదపకూడదు. రెండూ ఎక్కువ చూపిస్తుంటే టైరు వైపు చూడాలి. స్టాండులో ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. నా బండిలో డయల్ 80కీ అసలు 74కీ మధ్య ఉన్న 6 స్పీడు తేడాలో సగం కంపెనీది, సగం టైరుది.

కొలత మారని టైరు కూడా అరిగేకొద్దీ లెక్క మారుస్తుంది. కొత్త కారు టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 1.6కి వచ్చేసరికి మార్చేయాలి. అప్పటికి టైరు ఎత్తు పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, మా సైజు టైరుకి అది నూటికి రెండు. అందుకే కొత్త టైర్లు వేసిన వారం మీటరు తక్కువ తిరిగినట్టు అనిపిస్తుంది. అది మామూలే, దానికోసం ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

మరి సరిచేయడం ఎలా అని అడిగాను. కేబులున్న పాత బండ్లకి గేరుబాక్సు దగ్గర చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది, పళ్ళు ఎక్కువ తక్కువ ఉన్న గేరు వేసి లెక్క కలపవచ్చు. సెన్సరున్న కొన్ని బండ్లలో స్కానరు పెట్టి టైరు కొలత మార్చుకునే వీలుంటుంది. కొందరు సెన్సరుకీ మీటరుకీ మధ్య ఒక చిన్న డబ్బా పెట్టి, సెన్సరు చుట్లని బట్టి పంపే పల్సులు (కరెంటు సంకేతాలు) తగ్గిస్తారు. ఆ డబ్బా నా బండికి పెట్టనన్నారు. వేగం లెక్క ఈ రోజుల్లో మీటరుకి ఒక్కదానికే కాదు, మిగతా ఎలక్ట్రానిక్స్‌కి కూడా కావాలి, మధ్యలో చేయి పెడితే ఒకటి కుదిరి ఇంకొకటి చెడుతుందని ఆయన భయం. "టైరు వల్ల వచ్చిన రోగానికి టైరే మందు. స్టిక్కరు మీదున్న సైజు వేయించు. అప్పటిదాకా నూటికి నాలుగు తగ్గించి తీసుకో" అన్నారు. చూసినందుకూ కుర్రాడిని పంపినందుకూ కలిపి 200 తీసుకున్నారు. డబ్బా పెట్టి వేలు తీసుకోగలిగిన చోట 200తో పంపించిన మనిషి.

నేను కూర్చున్న సేపట్లో ఆయన చేతిలో ఉన్న పని ఒక పాత మహీంద్రా జీపు మీటరు. మోహన వైపు నుంచి వచ్చిందట, సూది ఒకచోట నిలవకుండా వణుకుతోందని. అద్దం తీసి నాకు దగ్గరగా చూపించారు. వెనక కేబులు తిరిగితే లోపల చిన్న అయస్కాంతం తిరుగుతుంది. దాని మీద బోర్లించినట్టు అల్యూమినియం గిన్నె ఉంటుంది. రెండూ ఎక్కడా తగలవు. అయస్కాంతం తిరిగే వేగానికి గిన్నెలో కరెంటు సుడులు పుట్టి గిన్నె కూడా తిరగబోతుంది, వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండూ సమానమైన చోట సూది నిలబడుతుంది. జర్మనీలో ఒట్టో షుల్జ్ అనే ఆయన 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఆ జీపు మీటరులో స్ప్రింగు బాగానే ఉంది. కేబులులో గ్రీజు ఎండిపోయి, పట్టి పట్టి వదులుతోంది. సూది వణుకు అదే. మేస్త్రి కేబులు బయటికి లాగి, కిరోసిన్‌తో కడిగి, సన్నగా గ్రీజు రాసి, మళ్ళీ మోటారుకి తగిలించి తిప్పారు. సూది 40 దగ్గర పెట్టినట్టు నిలబడింది. మీటరు మార్చమని ఆ జీపు వాళ్ళకి ఇంకెక్కడో చెప్పారట. ఇక్కడ గ్రీజుతో సరిపోయింది.

నా తర్వాత వచ్చిన బొలెరో ఆయనది నాకు ఎదురు కేసు. కంపెనీ టైరు 215/75 ఆర్ 15, ఆయన రాయగడ కొండదారులకి 235/75 ఆర్ 15 వేయించుకున్నారు. ఎత్తు 703.5 నుంచి 733.5కి పెరిగింది, నూటికి నాలుగు పైనే. కిలోమీటర్లు తక్కువ తిరుగుతున్నాయి, బండి తక్కువ నడిచినట్టు ఉంటుందని ఆయన సంతోషంగా చెప్పారు. మేస్త్రికి మాత్రం టెన్షన్ వచ్చింది. కంపెనీ పైకి పెట్టిన తేడాని ఆ పెద్ద టైరు తినేస్తుంది. తేడా తక్కువున్న బండిలో అయితే డయల్ మీద 80 ఉన్నప్పుడు నిజంగా 80 పైన వెళ్తుంటారు, ఆ సంగతి తెలియకుండా. మన కేంద్ర మోటారు వాహన నియమాల్లో స్పీడోమీటరు గురించి 117వ నియమం ప్రత్యేకంగా ఉండడం ఊరికే కాదు. నా టైరు జేబుకి ప్రమాదం, ఆయన టైరు ప్రాణానికి ప్రమాదం. ఆయన్ని కూడా రాళ్ళ దగ్గరికి పంపారు. ఏం తేలిందో నేను చూడలేదు.

ఇంకో సంగతి కూడా కళ్ళారా చూశాను. బండి అమ్మబోతున్నాను, లక్షా చిల్లర కిలోమీటర్లని అరవై వేలు చేసిపెట్టమని ఒకతను వచ్చాడు. మేస్త్రి చేతిలో పని ఆపలేదు, తలెత్తలేదు. ఆ పని ఇక్కడ చేయరు, చేసే చోటు కూడా నన్ను అడగొద్దు అన్నారు. అతను రెండు వేలు, మూడు వేలు అంటూ పెంచాడు. చివరికి ఆ కుర్రాడే లేచి, "భాయి, మీరు వెళ్ళండి" అని పంపించాడు. మీటరు విప్పడం వచ్చిన ప్రతివాడికీ వెనక్కి తిప్పడం కూడా చేతనవుతుంది. సెకండ్ హ్యాండు బండి కొన్నవాడిగా, ఆ రోజు ఆ షాపు మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక టైర్ల సంగతి. నావి సగం పైనే అరిగి ఉన్నాయి, అమ్మేసి 165/80 ఆర్ 14 వేయించాను. మళ్ళీ అదే రోడ్డు, అవే రాళ్ళు. పది రాళ్ళకి ట్రిప్ మీటరు సరిగ్గా 10.0. డయల్ మీద 80కి ఫోన్లో 77. మిగిలిన ఆ 3 కంపెనీది, దాన్ని ఉండనిచ్చాను. ఇంకొకటి తెలిసింది, ఇన్నాళ్ళూ లీటరుకి 20 అనుకున్న మైలేజీ నిజానికి 19 పైచిలుకే. బండి చెడిపోలేదు, ఎక్కువ చూపించిన కిలోమీటర్లు పోయాయంతే. మైలేజీ లెక్క రాసుకునేవాళ్ళు టైర్లు మార్చిన రోజు కూడా రాసి పెట్టుకోవాలి. సర్వీసు 10,000కి అనుకుంటే నేను 9,600 దగ్గరే చేయించేస్తున్నాను ఇన్నాళ్ళూ. ఆ మ్యాప్ కుర్రాడికి ఫోన్ చేసి మీటరు సరైందని చెప్పాను. వాళ్ళ నాన్నగారిని మళ్ళీ చెకప్‌కి నేనే తీసుకెళ్తున్నాను.

షాపులో ఇబ్బందులూ ఉన్నాయి. సందులో కారు తిప్పడం కష్టం, రోడ్డు మీదే ఎక్కడైనా పెట్టుకుని నడిచి వెళ్ళడం మంచిది. కూర్చోడానికి ఒకటే స్టూలు. బిల్లు ఇవ్వరు, అడిగితే చీటీ మీద రాసిస్తారు. కంపెనీ వాళ్ళకి చూపించుకోవాలన్నా, డబ్బు వెనక్కి అడగాలన్నా ఆ చీటీ పనికిరాదు, ఈ విషయంలో వాళ్ళు మారాలి. మేస్త్రి ఫోన్ ఎత్తరు. వారంటీలో ఉన్న బండికీ, మొత్తం డిజిటల్ స్క్రీను ఉన్న కొత్త బండ్లకీ మీటరు విప్పరు, కంపెనీ సర్వీసుకే పొమ్మంటారు. అది సరైన మాటే కానీ దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందే తెలుసుకోవాలి. కుర్రాడు లేని రోజు వెళ్తే రోడ్డు పరీక్ష కుదరదు, మర్నాడు రమ్మంటారు. పర్లాకిమిడి, గుణుపురం నుంచి వెళ్ళేవాళ్ళకి అది ఒక రోజు దండగ.

అందుకని వెళ్ళేముందు మీ టైరు మీద అంకెలు, డోరు పిల్లరు మీద స్టిక్కరు అంకెలు ఫోటో తీసుకోండి. టైర్లలో గాలి ఆ స్టిక్కరు మీదున్నంత కొట్టించండి. దారిలో పది రాళ్ళకి ట్రిప్ మీటరు ఎంత చూపించిందో రాసుకోండి. ఇచ్ఛాపురం దాటాక బరంపురం వైపు రోడ్డు తిన్నగానే ఉంటుంది, అక్కడే చూసుకోవచ్చు. ఈ మూడూ ఆయన ముందు పెడితే చాలావరకు అక్కడికక్కడే తేల్చేస్తారు, కుర్రాడి కోసం ఆగక్కర్లేదు. ఉదయం పదికి షాపు తెరుస్తారు, మధ్యాహ్నం భోజనానికి మూసి నాలుగుకి మళ్ళీ తెరుస్తారు.